ఎక్కడికని అడగని ఇంట్లో సైకిల్ కంప్యూటర్

మా భోజనాల బల్ల మీద, ఉప్పు డబ్బాకీ మందుల డబ్బాకీ మధ్య, అగ్గిపెట్టెకి అన్నలాంటి ఒక నల్లటి బిళ్ళ చార్జింగ్ అవుతోంది. దాన్ని సైకిల్ కంప్యూటర్ అంటారట. హ్యాండిల్ మధ్యన బిగిస్తే ఎంత వేగంతో పోతున్నామో, ఎంత దూరం వచ్చామో చెబుతుంది. జేబులోని ఫోనుతో జత కలిపితే తొక్కే మనిషి ఎక్కడున్నాడో ఇంట్లోవాళ్ళ ఫోనులో నీలం చుక్కగా చూపిస్తుంది. సైకిలెక్కడమే రాని నేను పట్టుబట్టి మరీ దాన్ని ఎంచి కొన్నాను. ఈవిడకెందుకీ పెత్తనం అని చిన్నవాళ్ళు నవ్వుకోవచ్చు గానీ, పొద్దున్నే బయటికి వెళ్ళిన మనిషి కోసం ఇంట్లో కూర్చోవడమంటే ఏమిటో నా ఈడువాళ్ళకి నేను చెప్పనక్కర్లేదు.

నేను పుట్టింది కళింగపట్నంలో, సముద్రం మీద బతికే ఇంట్లో. మా నాన్న తెల్లవారకముందే తెప్ప వేసుకుని వేటకి వెళ్ళేవాడు. బయల్దేరే మనిషిని ఎక్కడికని గానీ ఎప్పుడొస్తావని గానీ అడగకూడదనే పట్టింపు అందరి ఇళ్ళలోనూ ఉన్నదే అయినా, మా పేటలో దాన్ని చట్టంకన్నా గట్టిగా పాటించేవారు. ఒకసారి నిద్రకళ్ళతో నేను అడిగేశాను. నాన్న తెడ్డు గోడకి చేరేసి, లోపలికొచ్చి కాసేపు కూర్చుని, మంచినీళ్ళు తాగి మళ్ళీ బయల్దేరాడు. అమ్మ నన్ను దగ్గరికి లాక్కుని, "ఇంకెప్పుడూ అలాగ అడగకే అమ్మా, ఎల్లినోల్లు ఆల్లే తిరిగొస్తారు," అని మెల్లగా చెప్పింది. రోజూ నాన్న వెళ్ళాక ఒడ్డుకి చేరి ఎండబెట్టిన చేపలు తిరగేస్తూ కూర్చునేది, చేతులు చేపల మీద, చూపు నీళ్ళ మీద. చుట్టూ ఇంకో పదిమంది ఆడవాళ్ళదీ అదే పని, అదే చూపు. ఎదురుచూస్తున్నామని ఒక్కరు కూడా ఒప్పుకునేవారు కాదు. తెరచాప కనిపించాక అమ్మ చేతులు దులుపుకుని, ఏమీ జరగనట్టే, ఎసరు పెట్టడానికి ఇంటికి నడిచేది.

చదువుకుని టీచరునయ్యాను, పంచాయతీరాజ్‌లో ఓవర్సీరుగా పనిచేసే మా వారిని చేసుకుని అరసవల్లి వచ్చాను, కానీ ఆ అలవాటు నాతోనే కాపురానికి వచ్చింది. ఆయన సైకిలేసుకుని కల్వర్టులూ మట్టిరోడ్లూ చూడ్డానికి ఏ ఊరు వెళ్ళేవారో నేనెప్పుడూ అడగలేదు. సాయంత్రం సందు మలుపులో డైనమో గుర్రుమన్న చప్పుడు వినిపిస్తే స్టవ్వు వెలిగించేదాన్ని. నేను పాతపట్నం బడికి బస్సులో వెళ్ళి వచ్చిన అన్నేళ్ళలో ఆయన కూడా నన్ను ఎందుకు ఆలస్యమైందని అడిగిన పాపాన పోలేదు. ఏదీ పట్టించుకోని మనిషి దొరికాడులే అని లోలోపల సరిపెట్టుకునేదాన్ని.

ఇద్దరం రిటైరయ్యాక ఆయనకి షుగరు పట్టుకుంది. డాక్టరు వ్యాయామం చెయ్యమంటే, విజయనగరంలో ఉండే మా తమ్ముడు తాను కొత్తది కొనుక్కున్నాక పాత రోడ్ బైకుని బావకి అప్పజెప్పాడు. పొట్టేలు కొమ్ముల్లా వంగిన హ్యాండిలు, వేలంత సన్నటి టైర్లు, దానిమీద బిగుతు బట్టలేసుకుని ఈయన. మొదట్లో వీధంతా వచ్చి చూసింది. కానీ నాలుగు నెలల్లో షుగరు దిగింది, మొహంలో కళ వచ్చింది, పొద్దున్నే కూనిరాగాలు మొదలయ్యాయి. వేగం తెలియడానికి ఫోనునే హ్యాండిలుకి కట్టుకుని వెళ్ళేవారు.

కిందటి నెలలో ఒక రోజు ఎండెక్కినా ఆయన రాలేదు. ఫోను చేస్తే పలకలేదు. మా తమ్ముడికి చేశాను. "ఏ దారిని ఎల్లాడక్కా బావ?" అని వాడడిగాడు. కళింగపట్నం వైపా, ఆమదాలవలస వైపా, హైవే మీదా? ఇన్నేళ్ళు కాపురం చేసిన మనిషి ఏ దిక్కుకి వెళ్ళాడో తెలియక గుమ్మంలో నిలబడ్డ ఆ పూట నా పగవాళ్ళకి కూడా వద్దు. మిట్టమధ్యాహ్నానికి ఆటోలో సైకిలు అడ్డంగా వేసుకుని దిగారు. వంశధార వంతెన దాటాక కళ్ళు తిరిగాయట, కొబ్బరిబొండాలమ్మే అతను నీడన కూర్చోబెట్టాడట. తెర వెలుగుతూనే ఉండడంతో ఫోను అంతకుముందే చచ్చిపోయిందట. అన్నం పెట్టి, ఆయన తినేదాకా ఆగి, రెండే మాటలు చెప్పాను. ఎక్కడున్నారో నాకు తెలిసే ఏర్పాటైనా చెయ్యాలి, లేదా సైకిలు మళ్ళీ విజయనగరం పోవాలి. ఆయన మొహం వాడిపోయింది. సైకిలు పోతే షుగరుతోపాటు పాత నీరసపు మనిషి కూడా తిరిగొస్తాడని నాకూ తెలుసు. అయినా మాట వెనక్కి తీసుకోలేదు.

అలా ముగ్గురం విజయనగరంలో సైకిళ్ళ కొట్టుకి వెళ్ళాం. మా తమ్ముడు రంగుల మ్యాపున్న, వేలితో తాకితే పనిచేసేదాన్ని పట్టుకుని వదల్లేదు. మా వారు ఫోనుతో సంబంధమే లేని, వేగమూ దూరమూ మాత్రమే చూపించేదాన్ని చేతిలో పట్టుకుని అమాయకంగా నిలబడ్డారు. ఆ అమాయకత్వం ఎందుకో నాకు తెలుసు. నేను కొట్టాయన్ని మంచినీళ్ళడిగి, వేలు తడుపుకుని రంగులదాని మీద పెట్టాను. చెమట చేతులకి ఎలా ఉంటుందో చూద్దామని. అది ఒక పేజీ బదులు ఇంకో పేజీకి గెంతింది. తర్వాత వాటిని గుమ్మం బయట ఎండలోకి తీసుకెళ్ళి, మా వారి కళ్ళజోడు తీయించి చదవమన్నాను. రంగులది అద్దంలా ఆయన మొహమే చూపించింది. మీటలతో పనిచేసే నలుపు తెలుపుది ఒకటుంది, అంకెలు పెద్దవి, రోజంతా చార్జి నిలుస్తుంది, ఫోను తెర ఆర్పి జేబులో పెట్టుకున్నా చుక్కని పంపుతుంది, మనిషి పడిపోతే నాకు కబురు చేస్తుంది. అదే కావాలన్నాను.

"నానెక్కడున్నానో నిమిషం నిమిషం నీకు తెలియాలేటి?" అన్నారాయన, కొట్టాయన వింటున్నాడని కూడా చూడకుండా.

తెలియాలన్నాను. ఆయన గొంతు తగ్గించి, "పాతపట్నం బస్సు రాకపోతే ఆర్టీసీ కాంప్లెక్స్ కాడ నానెంతసేపు నిలబడీవోడినో నీకేటి తెలుసు? పేపరు కొనుక్కోడానికొచ్చానని సెప్పీవోడిని," అన్నారు.

నిజమే, నేను బస్సు దిగేసరికి ఆయన ఎన్నోసార్లు అక్కడ కనిపించేవారు, చంకలో పేపరుతో. సాయంత్రం పూట పేపరేమిటని నాకెన్నడూ తోచలేదు. పట్టించుకోని మనిషని అన్నేళ్ళు అనుకున్నందుకు సిగ్గేసింది, అంతకన్నా ఎక్కువ సంతోషం వేసింది, ఆ కొట్టులో టైర్ల వాసన మధ్య నిలబడి కళ్ళు తుడుచుకున్నాను. మా తమ్ముడు పక్కకి తిరిగి గొలుసులు బేరమాడుతున్నట్టు నటించాడు. "అదే ఇచ్చీ బాబూ," అన్నారు మా వారు కొట్టాయనతో.

మొదటి రోజు ఫోను చేతిలోంచి దించలేదు. చుక్క కళింగపట్నం దారి పట్టింది. దారిలో ఒకచోట ఆగిపోతే నేను గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాను. ఆయన టీకి ఆగారట, చుక్క మళ్ళీ కదిలాక గాని లోపలికి వెళ్ళలేదు. తర్వాత్తర్వాత చూడడం తగ్గింది. నిన్న ఒక్కసారి చూశాను, కదులుతోంది, ఫోను పక్కన పెట్టి పడక్కుర్చీలో వాలితే నిద్ర పట్టేసింది. గేటు చప్పుడుకి లేచాను. ఆయన హెల్మెట్టు తీస్తూ, "పడుకున్నావేటి? నానెక్కడున్నానో సూడలేదా?" అని అడిగారు. ఆ గొంతులో కాస్త నిష్ఠూరం ఉంది.

మా అమ్మ, నాన్న నీళ్ళ మీద ఉండగా కునుకు తీసిందని చెప్పేవాళ్ళెవరూ లేరు. నేను హాయిగా నిద్రపోయాను, గుండెల మీంచి ఏదో దించినట్టుంది, ఆ హాయిని కాదనను. కానీ ఒడ్డున అంతమంది కలిసి చూసిన చూపు ఇప్పుడు అరచేతిలో ఒక చుక్క అయింది, అది చూడకపోయినా జరిగిపోతోంది. తన కోసం ఒకరు కళ్ళు కాయలు కాసేలా చూస్తున్నారని తెలిసి ఇంటికి రావడంలో ఉన్న గొప్ప ఆయనకి తగ్గిందేమో పాపం. అందుకే రేపటినుంచి, చూసినా చూడకపోయినా, చూస్తూనే ఉన్నానని చెబుదామనుకుంటున్నాను.