ఖాసిం భాయ్ చెప్పిన అడ్రస్

దయ్యాల కథలు చెప్పేవాళ్ళను చూస్తే నాకు నవ్వొచ్చేది. మాది ప్రార్థనకు వెళ్ళే కుటుంబమే అయినా, చనిపోయినవాళ్ళు తిరిగొచ్చి మాట్లాడతారంటే ఇంట్లో ఎవరూ ఒప్పుకునేవాళ్ళం కాదు. పైగా నేను రైల్వే ఆఫీసులో గుమాస్తాని. కాగితం మీద లేనిదాన్ని నమ్మే అలవాటు లేదు. ఇప్పటికీ నమ్ముతున్నానని చెప్పను. జరిగింది మాత్రం జరిగినట్టు రాస్తున్నాను.

తొంభైల చివర్లో మేం మెట్టుగూడలో ఉండేవాళ్ళం. ఒక వేసవిలో మా మేనత్త ఎస్తేరు తాడేపల్లిగూడెం నుంచి వచ్చింది. టీచరుగా రిటైరైంది. నీటికాసులు వచ్చి అప్పటికి రెండు కళ్ళూ పూర్తిగా పోయాయి. వచ్చిన రాత్రే భోజనాల దగ్గర చెప్పేసింది.

"ఒరేయ్ శామ్యూలూ, రేపు సెలవు పెట్టు. నన్ను సికింద్రాబాద్ అంతా తిప్పాలి. నేను తిన్నచోటల్లా తినాలి, తిరిగినచోటల్లా తిరగాలి."

కళ్ళు లేని మనిషి ఏం చూస్తుందని మా ఆవిడ నా వంక చూసింది. అత్త అసలు సంగతి తర్వాత చెప్పింది. నలభై ఏళ్ళ కిందట ఇక్కడ టీచర్ ట్రైనింగ్ చేసినప్పుడు అనసూయ అనే ఈ ఊరి అమ్మాయితో కలిసి రాంగోపాల్‌పేట్‌లో ఒక గదిలో ఉండేదట. శనివారం వస్తే ఇద్దరూ కలిసి ఊరు మీద పడేవాళ్ళట. తర్వాత కొన్నేళ్ళకి అనసూయ భర్త పోయాడు. ఒక్కసారి రమ్మని ఉత్తరం రాసింది. బడిలో పరీక్షలని అత్త వెళ్ళలేదు. ఆ తర్వాత రాసిన ఉత్తరాలన్నీ తిరిగొచ్చేశాయి.

"తెలిసినవాళ్ళు ఎక్కడో ఒకచోట దొరుకుతారు. దాన్ని చూడకుండా నేను రైలెక్కను" అంది.

పొద్దున్నే ఆటోలో బయల్దేరాం. వాళ్ళ గది ఉన్న ఇల్లు పోయి ఆ స్థలంలో బట్టల దుకాణం వచ్చింది. పక్క సందులో బేకరీ మాత్రం ఉంది. లోపలికి అడుగుపెట్టకముందే వాసన పట్టేసి "ఇదేరా" అంది. వేడి బన్ను మీద వెన్న రాయించుకుని నిలబడే తిన్నది. బేకరీ ఆయన్ని అనసూయ గురించి అడిగింది.

"యాద్ లేదమ్మా. గా పాతిల్లు ఎప్పుడో కూలగొట్టిండ్రు. అందులున్నోళ్ళు ఎటుపోయిండ్రో ఎవరికెరుక" అన్నాడాయన.

క్లాక్ టవర్ పార్కులో కాసేపు కూర్చున్నాం. గడియారం స్తంభం చుట్టూ చేత్తో తడుముకుంటూ ఒక చుట్టు తిరిగింది. మోండా మార్కెట్‌లో చెరుకు రసం తాగి, పూలమ్మేవాళ్ళనీ, గాజుల కొట్టువాళ్ళనీ పేరుపేరునా అడిగింది. ఎవరికీ తెలియదు. మధ్యాహ్నానికి అత్త పాదాలు వాచిపోయాయి. ఇంటికి పోదామన్నాను.

"ఇరానీ హోటల్ మిగిలింది. నడు" అంది.

ఆ హోటల్ పేరు రాయను. నాలుగు గంటలప్పుడు వెళ్ళాం. సగం బల్లలు ఖాళీగా ఉన్నాయి. ఆమెను గోడవారగా రాతి బల్ల దగ్గర కూర్చోబెట్టి, రెండు చాయ్‌లూ ఉస్మానియా బిస్కెట్లూ చెప్పి, మా ఆవిడకి ఫోన్ చేద్దామని ఎదురుగా ఉన్న ఎస్టీడీ బూత్‌కి వెళ్ళాను. రోడ్డుకి ఇటు నుంచి హోటల్ గుమ్మంలోంచి అత్త బాగా కనిపిస్తోంది.

ఫోన్‌లో మాట్లాడుతూనే గమనించాను. అత్త తల పైకెత్తి, పక్కన నిలబడ్డవాళ్ళతో మాట్లాడినట్టు మాట్లాడుతోంది. మధ్యమధ్య నవ్వుతోంది. బల్ల పక్కన ఎవరూ లేరు. ప్రార్థన చేసుకుంటోందేమో అనుకున్నాను. ఇంచుమించు ఐదు నిమిషాలు అలాగే సాగింది. ఆ ఐదు నిమిషాలూ నేను ఆమె మీద నుంచి చూపు తిప్పలేదు.

వెళ్ళేసరికి అత్త లేచి నిలబడి ఉంది.

"ఖాసిం భాయ్ వచ్చాడురా! అప్పట్లో మాకు చాయ్ ఇచ్చేవాడు. గొంతు ఏమీ మారలేదు. అనసూయ పద్మారావు నగర్‌లో ఉందట. నీళ్ళ ట్యాంకు వెనక సందు, ఆకుపచ్చ గేటు, మేడ మీద. అన్న కూతురి దగ్గర ఉంటోందట."

నేను తిన్నగా గల్లా దగ్గరికి వెళ్ళి ఖాసిం ఎక్కడని అడిగాను. యజమాని నన్ను ఎగాదిగా చూశాడు.

"ఖాసిం భాయా? ఆయన గుజర్ గయే సాబ్. చనిపోయి ఏడేండ్లయింది. మీకెట్ల తెలుసాయన?"

అత్త ఈ మాట వినలేదు. చెప్పడానికి నాకు నోరు రాలేదు. "ఎవరో ఆటపట్టించి ఉంటారు, ఇంటికి పోదాం అత్తా" అన్నాను.

"రాకపోతే మానెయ్. ఆటో పిలిచి పెట్టు, నేనే పోతాను."

ఆమె ఒక్కతినీ ఎలా పంపను? వెళ్ళాం. నీళ్ళ ట్యాంకు వెనక సందు ఉంది. అందులో ఒకే ఒక ఆకుపచ్చ గేటు. తోసి లోపలికి వెళ్తే చొక్కా చేతికి రంగు అంటుకుంది. ఇంకా ఆరలేదు.

మేడ మీద తలుపు తీసినావిడ తల పూర్తిగా నెరిసింది. నన్ను చూసి "ఎవరు గావాలె బాబూ?" అని, నా వెనకున్న అత్తను చూసి తలుపు పట్టుకుని ఉండిపోయింది.

"ఎస్తేరా? ఏందే, గిట్లయినవేందే?"

"అనసూయా, నువ్వు రమ్మన్నప్పుడు నేను రాలేదే. నన్ను..."

ఆవిడ అత్త రెండు చేతులూ పట్టుకుంది.

"ముందుగాల లోపటికి రా. కూసో. జెర చాయ్ తాగినంక కొట్లాడుకుందాం."

ఆ సాయంత్రం నేను అడగాల్సినవి అడిగాను. అనసూయ గారు ఇరవై ఏళ్ళు కరీంనగర్‌లో ఉండి, ఆ ఉగాది తర్వాతే ఈ ఇంటికి వచ్చారు. ఆ హోటల్‌కి పెళ్ళైనప్పటి నుంచీ వెళ్ళలేదు. గేటు సంగతి కూడా అడిగాను. "నిన్నటిదాంక ఎర్రగుండె. పొద్దుగాలనే రంగేసిండ్రు" అన్నారు.

ఏడేళ్ళ కిందట పోయిన మనిషికి ఆ ఇల్లు తెలిసే వీలే లేదు. బతికున్నవాళ్ళెవరైనా చెప్పారా అనుకుంటే, ఆ బల్ల దగ్గరికి ఎవరూ రావడం నేను చూడలేదు. వారం తర్వాత ఒక్కణ్ణే వెళ్ళి, చాయ్ అందించే ముగ్గురినీ విడివిడిగా అడిగాను. ఆ అమ్మ తనలో తనే మాట్లాడుకుందని ముగ్గురూ చెప్పారు.

అత్త నెల రోజులుంది. రోజు విడిచి రోజు పద్మారావు నగర్ వెళ్ళేది. రైలెక్కించే రోజు ఇక దాచలేక, ఖాసిం భాయ్ చనిపోయి ఏడేళ్ళయిందని ప్లాట్‌ఫాం మీద చెప్పేశాను. భయపడుతుందనుకున్నాను.

అత్త చీర కొంగుతో కళ్ళు ఒత్తుకుంది.

"అయ్యో, హడావుడిలో ఆయన పిల్లలు ఎలా ఉన్నారని కూడా అడగలేదురా" అంది.

రైలు కదిలింది. ఇన్నేళ్ళుగా ఆ ఐదు నిమిషాల గురించే ఆలోచిస్తున్నాను.