ఆ మలుపులో బ్రేకు వేసింది ఎవరు

ఇంతవరకు ఎవరికీ చెప్పని విషయం ఒకటుంది. గాజువాక దాటాక ఒక మలుపులో, నేను నడుపుతున్న కారు దానంతట అదే బ్రేకు వేసిన క్షణంలో, రోడ్డు మీద గొడుగు పట్టుకుని నిలబడిన మనిషిని చూశాను. అక్కడ ఎవరూ లేరు. లేరని మరుక్షణమే తెలిసింది కూడా. కానీ కారు అంత గట్టిగా ఆగిందంటే ఎవరో ఉండి తీరాలనుకుని నా మనసు ఒక మనిషిని తయారుచేసి అక్కడ నిలబెట్టింది. రోజూ డైరీ రాసే అలవాటున్నా ఈ మాట అందులో రాయలేదు. ఆ రోజు పేజీలో రోడ్ టెస్ట్ పూర్తయిందని మాత్రమే ఉంది.

అప్పట్లో నేను విశాఖపట్నంలో ఒక కార్ల సర్వీస్ సెంటర్‌లో డయాగ్నోస్టిక్ టెక్నీషియన్‌గా పనిచేసేదాన్ని. ఇప్పుడది మానేసి ఒక ఐటీఐలో ఆటో ఎలక్ట్రికల్ పాఠాలు చెబుతున్నాను. ఇది రెండేళ్ళ కిందటి జూలై నాటి సంగతి.

మా సెంటర్‌లో పనుల విభజన స్పష్టంగా ఉండేది. కస్టమర్‌తో మాట్లాడేది సర్వీస్ అడ్వైజర్. స్పానర్ పట్టేది మెకానిక్. నాది స్కానర్. స్టీరింగ్ కింద ఒక సాకెట్ ఉంటుంది. దానికి స్కానర్ తగిలిస్తే కారులోని కంప్యూటర్లు తమ ఇబ్బందులను కోడ్‌ల రూపంలో చెబుతాయి. నేను వాటిని చదివి అడ్వైజర్‌కి అప్పగించాలి. కస్టమర్ ముందుకు వెళ్ళే అవసరం లేదు. నలుగురిలో నోరు విప్పడం చేతకాని నాకు ఆ ఏర్పాటు బాగా నచ్చింది. పని లేనప్పుడు కార్లతో వచ్చే ఓనర్ మాన్యువల్స్ చదివేదాన్ని. వాటికి వేసిన ప్లాస్టిక్ కవరు కూడా ఎవరూ చింపేవారు కాదు.

ఈ తరం కార్లలో ముందు భాగాన ఒక రాడార్, అద్దం పైన ఒక కెమెరా ఉంటాయి. ఎదురుగా ఏదైనా అడ్డం ఉండి డ్రైవర్ బ్రేకు వేయకపోతే కారే వేస్తుంది. మా దగ్గరికి వచ్చే ఫిర్యాదుల్లో సగం తడిగుడ్డతో తీరిపోయేవి. కొత్త కారుకు సింహాచలంలో పూజ చేయించి, నేరుగా మా షెడ్డుకే తెచ్చేవారు. రాడార్ మీద పసుపు, దాని ముందు బంతిపూల దండ. అది చూపు ఆనడం లేదని మీటరు బోర్డు మీద మొరపెట్టుకునేది. పోర్టు వైపు ఇళ్ళవాళ్ళ కార్లకైతే నల్లటి దుమ్ము పట్టి వెనక కెమెరాలో పగలే చీకటి పడేది. తుడిచి ఇస్తే చాలు. కొందరు మాత్రం అంత చిన్న పనితో తృప్తి పడక, ఇంకోసారి స్కాన్ చేయమనేవారు.

అప్పలనాయుడు గారు తెచ్చిన కారు సమస్య తడిగుడ్డతో తీరేది కాదు. ఆయన ఆ కారుకి డ్రైవరు. యాభై దాటిన మనిషి, చోడవరం వైపు ఊరు. చాలా ఏళ్ళు ఉక్కు కాయిల్స్ మోసే ట్రైలర్లు నడిపి, నడుం నొప్పి వచ్చాక కార్లకు మారారు. యజమాని సునీత గారు పరవాడలో ఒక మందుల కంపెనీలో క్వాలిటీ విభాగం అధికారి. రోజూ సిటీ నుంచి పరవాడకు వెనక సీటులో కూర్చుని, ల్యాప్‌టాప్ చూసుకుంటూ వెళ్ళేవారు. వాళ్ళ అన్నయ్య రోడ్డు ప్రమాదంలో పోయాక, తనంతట తాను ఆగే కారే కావాలని ఏరికోరి కొన్నారు.

ఆ కారు యజమాని ఫోనుకి ప్రతిరోజూ డ్రైవరు నడిపిన తీరుకి మార్కులు పంపుతుంది. గట్టిగా బ్రేకు వేస్తే మార్కులు తగ్గుతాయి. నాయుడు గారి మార్కులు నెల రోజులుగా పడిపోతున్నాయి. దారిలో కుదుపులు ఆవిడకే తెలుస్తున్నాయి. ఒకసారి ల్యాప్‌టాప్ ఒడిలోంచి జారి కింద పడింది. డ్రైవరు కునుకు తీస్తున్నాడేమోనన్న అనుమానం ఆవిడకి కలిగింది. కారులో లోపం ఉంటే చెప్పండి, లేకపోతే లేదని చెప్పండి, ఆ తర్వాత సంగతి నేను చూసుకుంటాను అని అడ్వైజర్‌కి ఫోన్ చేశారు.

స్కాన్ చేశాను. ఒక్క కోడ్ కూడా లేదు. రాడార్ అమరిక సరిగ్గానే ఉంది, కెమెరా అద్దం శుభ్రంగా ఉంది. మా వాడుకలో దీన్ని 'నో ఫాల్ట్ ఫౌండ్' అంటారు. జాబ్ కార్డు మీద అంతే రాసి కారు పంపేయాలి. కానీ ఈ కారు విషయంలో అలా రాస్తే అర్థం వేరు. కారులో లోపం లేదంటే, ఉన్నది మనిషిలోనే.

నాయుడు గారు షెడ్డు గుమ్మం దగ్గరే నిలబడి ఉన్నారు. డ్రైవర్లకు వెయిటింగ్ రూమ్‌లో కూర్చునే వీలున్నా ఆయన కూర్చోలేదు.

"ఏటి పాపా, బండిలో ఏటీ నేదా?" అని అడిగారు.

"ఏమీ కనబడలేదు బాబాయ్."

"అయితే నాదేనన్నమాట" అన్నారు. వాదించలేదు. బ్రేకు తను వెయ్యలేదనీ అనలేదు. ఎవరైనా నా తప్పు కాదనే అంటారు. ఆయన అనకపోవడమే నాకు తేడాగా తోచింది.

మా మేనేజర్ ప్రసాద్ గారి దగ్గరికి వెళ్ళాను. ఆయన కోపిష్టి కాదు, తీరిక లేని మనిషి. ఫిర్యాదు వచ్చిన రోడ్డు మీదే, అది వచ్చే వేళకే నడిపి చూడాలని అడిగాను.

"నువ్వు మాటాడగా వినడం ఇదే ఫస్టు టైమేమో. వానలో అంత దూరం ఎందుకమ్మా? కోడ్ లేదు కదా."

"కోడ్ లేదు కాబట్టే సార్."

"సర్లే, వెళ్ళు. ఆ రోడ్డు మీద ట్రైలర్ల దగ్గర జాగ్రత్త. బండికి ఏదైనా అయితే మన స్పేర్ పార్టుల బిల్లు నీ జీతంలో కొయ్యలేను."

మర్నాడు పొద్దున్న బయల్దేరాం. కారు మా జాబ్ కార్డులో ఉన్నంతసేపూ మా సిబ్బందే నడపాలన్నది నియమం. కాబట్టి నేను నడిపాను, నాయుడు గారు పక్కన కూర్చున్నారు. వాన పల్చగా పడుతోంది. గాజువాక దాటి మలుపు దగ్గర పడుతుంటే ఆయన చెయ్యి డ్యాష్‌బోర్డు మీద ఆన్చారు.

అక్కడ రోడ్డు కుడికి తిరుగుతుంది. మలుపు బయటి అంచున, లోడు కోసం వేచి ఉండే ట్రైలర్లు వరసగా ఆగి ఉంటాయి. నేను స్టీరింగ్ తిప్పబోతుండగా మీటరు బోర్డు ఎర్రగా వెలిగింది. బెల్టు ఛాతీని పట్టేసింది. కారు ఆగినంత పని చేసి, మళ్ళీ వదిలేసింది. గొడుగు పట్టుకున్న మనిషిని చూసింది అప్పుడే. నేను ముందుకు వంగి రోడ్డంతా వెతికాను. ఆ తర్వాతే వెనక ఎవరైనా గుద్దుతారేమోనని అద్దంలోకి చూశాను. నేర్చుకున్న పద్ధతి ప్రకారం అద్దమే ముందు చూడాలి.

కారు పక్కకి తీసి ఆపాను. "ఎవరూ లేరు కదా" అన్నాను.

నాయుడు గారు రోడ్డు వైపు చూడడం లేదు. నా ముఖమే చూస్తున్నారు.

"నీకూ కనపడనేదా?"

"లేదు బాబాయ్."

ఆయన డ్యాష్‌బోర్డు మీద ఆన్చిన చెయ్యి తీసి చెప్పారు. "నాను ఏటనుకున్నానంటే పాపా, బండికి కనపడినాది నాకు కనపడతం నేదు, నా కళ్ళు పోనాయి అనుకున్నాను. అంత ఖరీదైన బండి, ఊరికే ఆగుద్దేటి? ఎవులో అడ్డొచ్చి ఉంటారు, బండి సూసి ఆపీసింది, నేకపోతే ఆ మనిషిని నాను గుద్దీసుందును అనుకున్నాను. రోజూ అదే. మేడంగోరికి సెప్తే కళ్ళు కనపడని డ్రైవర్ని ఎవులు ఉంచుకుంటారు? అందికే నోరెత్తనేదు."

"ఆ సిస్టమ్ ఆపేసే బటన్ ఉంది కదా?"

"నొక్కినాను. నొక్కితే మేడంగోరి ఫోనుకి ఎల్లిపోనాది, డ్రైవరు సేఫ్టీ ఆపీసినాడని. ఉంచితే మార్కులు పోతన్నాయి, తీసీత్తే మాట వొత్తంది. ఎటు పోవాలి సెప్పు?"

ఆ తర్వాత చేసింది మామూలు పరీక్షే. అదే మలుపులో లోపలి వైపు లేన్ పట్టుకుని నెమ్మదిగా వెళ్ళాను. కారు బ్రేకు వేయలేదు. మళ్ళీ మొదట వెళ్ళినట్టే వెళ్ళాను. వేసింది. కారణం సులువుగానే అర్థమైంది. రోడ్డు తిరుగుతుందని మనకు తెలుసు. రాడార్‌కి తెలిసేది తన ముక్కు ఎదురుగా ఏముందన్నది మాత్రమే. స్టీరింగ్ తిరగకముందు ఆ ఒక్క క్షణం ట్రైలర్ వెనక భాగం సరిగ్గా దాని ఎదుటే ఉంటుంది. ఇనుము రాడార్‌కి మహా బాగా కనిపిస్తుంది. కారు ఆ ట్రైలర్‌లోకి దూసుకుపోబోతున్నామని లెక్క వేసుకుని ఆగుతోంది. మలుపుల్లో ఇలా అనవసరంగా పనిచేయవచ్చని మాన్యువల్‌లోనే రాసి ఉంటుంది. ఇది ఏ తీగా తెగి వచ్చిన లోపం కాదు కనుక కోడ్ రాదు.

ఈ మాట వివరిస్తే నాయుడు గారు నవ్వారు. "ఓరి దీన్దుంప తెగ. ఆ మలుపులో ట్రైలర్ నిలబెట్టి టీ తాగినోణ్ణే నాను. నా పాత బండే నా కొత్త ఉద్యోగం తినీబోయింది."

షెడ్డుకి వచ్చాక, ఆ బ్రేకుల కంప్యూటర్ జ్ఞాపకాన్ని లోతుగా చదివాను. తనంతట తాను ఆగిన ప్రతిసారీ, ఆ క్షణంలో వేగం ఎంత, డ్రైవరు పెడల్ నొక్కాడా లేదా అన్నది అది దాచుకుంటుంది. అన్నింటిలోనూ పెడల్ నొక్కలేదనే ఉంది. ఫోనుకి వెళ్ళే మార్కులు మాత్రం ఎంత గట్టిగా ఆగిందన్నదే చూస్తాయి, ఎవరు ఆపారని చూడవు. కారు వేసిన బ్రేకు మనిషి ఖాతాలో పడుతోంది.

సాయంత్రం సునీత గారు స్వయంగా వచ్చారు. ఆ రోజు అడ్వైజర్ సెలవు. ప్రసాద్ గారు, కనిపెట్టింది నువ్వే కాబట్టి నువ్వే చెప్పు అని తన గదిలోకి వెళ్ళిపోయారు. స్కానర్ తెర ఆవిడ వైపు తిప్పి చదవడం మొదలుపెట్టాను. తెర చూస్తూ మాట్లాడితే మనిషి ముఖం చూడనక్కర్లేదు.

ఆవిడ మధ్యలో ఆపలేదు. అంతా విన్నాక అడిగారు, "ఒప్పుకున్నాను, కారు పొరపాటు పడింది. మరి ఆయన తన కళ్ళ మీద తనకే నమ్మకం లేకుండా నెల రోజులు నన్ను ఎక్కించుకుని నడిపారు కదా. దాని మాటేమిటి?"

కళ్ళ పరీక్ష చేయిద్దామని ఆవిడ అంటే, చేయించడం మంచిదేనని నేనూ అన్నాను. ఆయన భయం తీరిపోతుందనుకున్నాను.

పరీక్షలో ఎడమ కంట్లో శుక్లం బయటపడింది. ముదిరింది కాదు గానీ తీసేయాల్సిందే అన్నారు. ఆపరేషన్ చేయించుకుని విశ్రాంతి తీసుకోండి, తర్వాత చూద్దాం అని సునీత గారు ఆయనతో అన్నారట. ఆ 'తర్వాత చూద్దాం' అన్న మాటకు అర్థం ఉద్యోగం చేసేవాళ్ళందరికీ తెలుసు. ఆయన్ని కాపాడబోయి నేనే పట్టించానేమోనని చాలా రోజులు బాధపడ్డాను.

ఆ నెలంతా సునీత గారే కారు నడుపుకున్నారు. ఒక రోజు సెంటర్‌కి ఫోన్ చేసి నన్నే పిలవమన్నారు. "ఈ కారు ఆ మలుపులో నాకూ బ్రేకు వేస్తోందమ్మా. మొదటిసారి నేను కిందికి దిగి, చక్రాల కింద ఎవరైనా ఉన్నారేమోనని చూశాను తెలుసా?" అన్నారు. ఆ వెంటనే, "నా మార్కులు నాయుడు కంటే తక్కువ వచ్చాయి. ఆయనకి చెప్పకు" అన్నారు.

హెచ్చరిక దూరాన్ని తగ్గించే సెట్టింగ్ మార్చాం. దానితో బ్రేకులు తగ్గాయి గానీ పూర్తిగా పోలేదు. కంపెనీకి నివేదిక రాశాం. అక్కడి నుంచి అందినట్టు జవాబొచ్చింది. ఫోన్ మార్కులను సునీత గారు చూడడం మానేశారు. దసరా ముందు నాయుడు గారు తిరిగి పనిలో చేరారు.

ఈ కేసు వల్ల నేను నేర్చుకున్నది ఇప్పుడు ఐటీఐలో చెబుతుంటాను. యంత్రం తప్పు చేసిందని తేలినంత మాత్రాన మనిషిలో లోపం లేదని తేలినట్టు కాదు. మనిషిలో లోపం దొరికిందని యంత్రాన్ని వదిలేయకూడదు. రెండింటినీ విడివిడిగా పరీక్షించాలి. కోడ్ లేదంటే యంత్రానికి తన తప్పు తెలియదని మాత్రమే అర్థం కావచ్చు. ఇంకొకటి, ఫిర్యాదు చేసేవాడి కంటే చేయనివాణ్ణి ఎక్కువ ప్రశ్నలు అడగాలి.

నేను ఉద్యోగం మానేసే వారంలో నాయుడు గారు మామూలు సర్వీసుకి కారు తెచ్చారు. ఈసారి వెయిటింగ్ రూమ్‌లో కాలు మీద కాలేసుకుని కూర్చున్నారు. నేను వెళ్ళిపోతున్నానని ఎవరో చెప్పినట్టున్నారు, తాళం తీసుకోవడానికి నా బల్ల దగ్గరికి వచ్చారు. మలుపులో ఎలా ఉందని అడిగాను. ఇప్పటికీ అప్పుడప్పుడు ఏత్తాదిలే, అలవాటైపోనాది అన్నారు. గుమ్మం దాకా వెళ్ళి ఆగి, గొంతు తగ్గించి అన్నారు.

"ఆ రోజు బ్రేకు పడగానే నువ్వూ ఎవులికోసమో రోడ్డంతా ఎతికినావు పాపా. అది సూసినాకే నాకు నోరొచ్చింది."