పోగు తెగిన చోట ఆగిన గొంతు

దయ్యాలూ భూతాలూ అంటే నాకు ఏనాడూ నమ్మకం లేదు. పెళ్లయిన కొత్తలో శ్మశానం పక్క చేలో ఒక్కదాన్నే వేరుశనగ పీకినదాన్ని. చచ్చినవాళ్లు ఏమీ చేయలేరు, బతికున్నవాళ్లతోనే జాగ్రత్త అని అందరికీ చెప్పేదాన్ని. నాకు చదువు రాదు, వేలిముద్రే. నేను చెబుతుంటే పక్కింటి రజియా ఇది రాస్తోంది.

మాది కోడుమూరు. మా ఆయన మద్దిలేటి మగ్గం నేస్తూ కథలు చెప్పేవాడు. ఎక్కడో విన్నవి కావు, సొంతంగా అల్లినవి. చుట్టుపక్కల నేతగాళ్లు వచ్చి కూర్చునేవాళ్లు. కథ మంచి పట్టులో ఉండగా దారం తెగితే, "పోగు తెగింది, ఉండండప్పా" అని ఆపి, ముడి వేసుకుని, మళ్లీ అదే మాట దగ్గర ఎత్తుకునేవాడు. కల్లూరులో ఉండే మా మరిది ఓబులేసు వచ్చినప్పుడల్లా అవి ఫోన్లో రికార్డు చేసుకునేవాడు. అన్న గొంతు దాచుకుంటున్నాడనుకున్నాను.

ఆయన పోయాక ఇల్లు మూగబోయింది. రజియా నా ఫోన్లో పుస్తకాల యాప్ వేసి, చదివి వినిపించే గుర్తు చూపించింది. ఒక పుస్తకం అయిపోతే కింద కొత్తవి వస్తాయి. పేర్లు చదవలేను కాబట్టి అట్టమీది బొమ్మ చూసి నొక్కేదాన్ని. ఒక మధ్యాహ్నం మగ్గానికి నూలు కండెలు చుడుతుంటే మగ్గం బొమ్మ వచ్చింది. నొక్కాను. మొదటి మాటకే కండె చేతిలోంచి జారిపోయింది. అది మా ఆయన కథ. చివరిదాకా విన్నాను. ఆ రోజు ఎక్కడా ఆగలేదు.

"అట్టమీద ఎవరి పేరుండాది రజియా?"

"మీ మరిది పేరే అక్కా. ఇంకెవరి పేరూ లేదు."

ఫోన్ చేసి అడిగాను. "కథలకు సొంతదారు యాడుంటాడు వదినా? టైపు కొట్టింది నేను. ఏలిముద్రదానివి, నీకెందుకు పుస్తకాల సంగతి?" అన్నాడు.

ఆ పూట అన్నం ముట్టలేదు. ఆయన ఫోటో ముందు నిలబడి, "నువ్వు వింటాంటే వాని నోరు మూయించు" అన్నాను.

ఆయన సంవత్సరికానికి బంధువులొచ్చారు. భోజనాలయ్యాక ఓబులేసు తన ఫోన్ మధ్యలో పెట్టి, "నా పుస్తకం వినండప్పా" అన్నాడు. యాప్‌లోని ఆడగొంతు చదవడం మొదలుపెట్టింది. కథలో బావిలోకి దిగిన కోడలు పైకి చూసే చోట ఆగింది. తర్వాత అదే ఆడగొంతు, "పోగు తెగింది, ఉండండప్పా" అంది.

ముడి వేసేంత సేపు నిశ్శబ్దం. మళ్లీ అదే మాట దగ్గర ఎత్తుకుంది. కాసేపటికి మళ్లీ తెగింది.

ముసలి నేతగాడు రంగన్న లేచాడు. "ఇది మద్దిలేటిది గదరా, దొంగనాయాలా!"

రజియా ఆ ఫోన్ తీసుకుని వేలు పెట్టి వెతికింది. అక్షరాల్లో ఆ మాట ఎక్కడా లేదు. పోగు మాటలన్నీ తీసేసే టైపు కొట్టానని ఓబులేసే ఒప్పుకున్నాడు. నా ఫోన్లో పెట్టినా, రజియా ఫోన్లో పెట్టినా అవే చోట్ల ఆగింది. వేరే పుస్తకాలు మాత్రం గడగడా చదివింది.

ఓబులేసు మొహంలో నెత్తురు లేదు. నాకు జాలి కలగలేదు. కడుపు చల్లబడింది.

కొన్నాళ్లకు వాడే వచ్చాడు. "ఎవరు పెట్టినా అట్నే ఆగుతాండాది వదినా. అన్నకు నువ్వన్నా చెప్పు."

"నేను చెప్పను. ఆ పొద్దు కూర్చున్నోళ్లందర్నీ పిలుచ్చుకొని రా. వాళ్ల ముందర పేరు మార్చు. నా కాళ్లు పట్టుకోవాకు, ఆ మగ్గానికి మొక్కు."

మొక్కాడు. అందరూ చూస్తుండగా తన పేరు తీసేసి అన్న పేరు పెట్టాడు.

అప్పటినుంచి ఆ గొంతు ఎక్కడా ఆగడం లేదు. యాప్‌లో ఏదో లోపం, బాగుచేసి ఉంటారు అన్నారు కొందరు. మరి మా ఆయన మాట దానికెలా తెలిసిందంటే వాళ్లూ చెప్పలేరు, నేనూ చెప్పలేను.

గెలిచింది నేనే. అయినా రోజూ కండెలు చుడుతూ ఆ కథే పెడతాను. కోడలు బావిలోకి దిగేసరికి చెయ్యి ఆపుకుని కూర్చుంటాను.

పోగు తెగదు.