మూడు చోట్ల ఒక్క గెలాక్సీ

నందిగామ బస్టాండు దగ్గర టీ గ్లాసుల మీద నాకొక ఫిర్యాదు ఉంది. అడుగు బొటనవేలంత మందం. పైకి చూస్తే నిండుగా ఉన్నట్టే ఉంటుంది, రెండు గుక్కలయ్యేసరికి గాజు తగులుతుంది. అయినా అక్కడే తాగుతాను. కాలేజీకి దగ్గర్లో వేరే కొట్టు లేదు.

ఆ జూనియర్ కాలేజీలో ఫిజిక్సు చెబుతాను. ఇల్లు జగ్గయ్యపేట. మిగిలిన వేళల్లో పీహెచ్‌డీ. చెప్పుకుంటే పెద్ద పనే గానీ, చేసేది మాత్రం కంప్యూటర్లో మసక మచ్చల్ని చూస్తూ కూచోవడం. వందలకొద్దీ గెలాక్సీలు ఒకచోట గుమిగూడితే, ఆ బరువుకి వాటి వెనకనుంచి వచ్చే వెలుగు వంగుతుంది. మామూలుగా అయితే కంటికి ఆనని దూరపు గెలాక్సీ అప్పుడు పెద్దదై, కాంతి పెరిగి, ఒక్కోసారి రెండు మూడు చోట్ల కనిపిస్తుంది. నాకు దొరికిన మచ్చలు మూడు. మూడూ ఒకే గెలాక్సీ అని నా వాదన.

హైదరాబాదులో ఉండే మా గైడు గారు ఒప్పుకోలేదు. ఒకటే అయితే మూడింటి రంగూ ఒకటే ఉండాలి, మూడోదానికి ఎరుపెక్కువ అన్నారు. పక్కనున్న గెలాక్సీ ఎరుపు దానికి అంటుకుందని నేనన్నాను. ఆయన ఊఁ అంటే ఈ చాప్టరుతో థీసిస్ అయిపోయినట్టే. లేకపోతే మళ్ళీ మొదటినుంచి. ఆ ఓపిక నాకు కొంచెం తక్కువ, యూనివర్సిటీకి అసలు లేదు.

ఈ సంగతంతా మా బావమరిదికి చెప్పడం నా తెలివి. అతనిది సిమెంటు కొట్టు, మనసు రాజకీయాల్లో. అలాంటి టీ గ్లాసే ఒకటి తెచ్చి, పేపరు మీదున్న చుక్కపైన దాని అడుగుని అటూ ఇటూ జరిపి చూపించాను. ఒక్క చుక్కే సాగి, విడిపోయి, రెండు మూడుగా కనపడింది.

"అర్థమైంది బావా," అన్నాడు.

వారం తిరక్కుండా హైవే మీంచి ఊళ్ళోకి తిరిగే మలుపులో ఫ్లెక్సీ లేచింది. "మూడు కొత్త గెలాక్సీలు కనిపెట్టిన మా బావగారికి శుభాకాంక్షలు." అందులో మా బావమరిది మూడు చోట్ల ఉన్నాడు. ఒకచోట దండం పెడుతూ, ఒకచోట ఫోను మాట్లాడుతూ, ఒకచోట నల్ల కళ్ళద్దాలతో. ప్రింటింగు వాళ్ళ దయవల్ల మూడూ మూడు రంగుల్లో వచ్చాయి. నేను కింద మూలన, ఆధార్ ఫోటోలో ఉన్నాను.

"ఒకటేరా అది, ఒకటే!" అన్నాను.

"ఒకటంటే ఏం బావుంటది బావా? ఒక్క గెలాక్సీకి ఎవడన్నా ఫ్లెక్సీ వేస్తాడా?"

"మూడంటే నా చాప్టరు తప్పని నువ్వే ఊరంతా చాటినట్టురా."

"ఊళ్ళో నీ చాప్టరు ఎవడు చదివాడు? అక్క కూడా చదవలా."

అది నిజమే.

తీయించమన్నాను. పెళ్ళిళ్ళ సీజను, ఫ్లెక్సీలు కట్టే కుర్రాళ్ళంతా మైలవరంలో ఉన్నారు, ఆదివారం దాకా రారు అన్నాడు. గైడు గారేమో శనివారం విజయవాడలో పెళ్ళికి వెళ్తూ, దారిలో మా ఇంట్లో భోంచేసి చాప్టరు సంగతి తేల్చేస్తానన్నారు.

ఆయన్ని వేరే దారిన తీసుకొద్దామని మలుపు దాకా ఎదురెళ్ళాను. పిలవకపోయినా బావమరిదీ వచ్చాడు. ఎండ మండిపోతోంది. కారు సరిగ్గా ఫ్లెక్సీ కిందే ఆగింది. అక్కడే కాస్త నీడుంది మరి.

గైడు గారు దిగి ముందు అక్షరాలు చదివారు. తర్వాత ఫోటోలు ఒక్కొక్కటే చూశారు, నా మచ్చల్ని ఎలా చూస్తారో అలాగే.

"ఈ ముగ్గురూ ఎవరయ్యా?"

"ముగ్గురూ నేనేనండి," అన్నాడు మా బావమరిది, చేతులు కట్టుకుని.

నాకు ప్రాణం లేచొచ్చింది. "చూశారా సార్! రంగు తేడా ఉన్నా మనిషి ఒకడే. నా మూడో మచ్చ కూడా అంతేనండి."

ఆయన బావమరిదిని ఎగాదిగా చూసి, నావైపు తిరిగారు.

"ఇతనంటే వచ్చి ముందర నిలబడ్డాడు. నీ గెలాక్సీ వచ్చి చెప్తదా?"