ఎమ్మిగనూరు షెడ్డులో పదును

మా కంపెనీ మద్రాసులో ఆటోమేటిక్ మగ్గాలు అమ్మేది. అమ్మి ఊరుకునేది కాదు, అవి ఆగిపోయిన ప్రతిసారీ నన్ను రైలెక్కించేది. ఎనభైల మొదట్లో, ఒక ఏప్రిల్ నెలలో, ఎమ్మిగనూరు నుంచి టెలిగ్రాం వచ్చింది. ఎనిమిది మగ్గాలూ ఆగి ఆగి నడుస్తున్నాయి, విదేశానికి పోవాల్సిన తువ్వాళ్ళ ఆర్డరు చెయ్యి జారేట్టుంది, వెంటనే మనిషిని పంపండి అని. అప్పటికి నాకు ఇరవయ్యారేళ్ళు. పుట్టింది తెనాలి, చదివింది మద్రాసు. నాకు తెలియని మగ్గం లేదనీ, తెలియని తెలుగు అసలే లేదనీ గట్టి నమ్మకం. ఈ రెండో నమ్మకం ఎలా వదిలిందో చెప్పడానికే ఇది రాస్తున్నాను. ఆ వైపు వెళ్ళే ఆలోచన ఉన్నవాళ్ళకు దారి కూడా తెలుస్తుంది.

మద్రాసు నుంచి బొంబాయి వెళ్ళే రైలు గుంతకల్లు మీదుగా ఆదోనికి పోతుంది. సాయంత్రం ఎక్కితే తెల్లారి ఆరింటికల్లా దింపేసింది. బుధవారం. ప్లాట్‌ఫారం మీద మనుషులకంటే పత్తి బేళ్ళే ఎక్కువ, వాటి మధ్య సందులు వెతుక్కుంటూ బయటపడ్డాను. బస్టాండు దగ్గర హోటల్లో ఉగ్గాని, మిరపకాయ బజ్జీ రూపాయిన్నరకు కడుపు నిండా పెట్టారు. నానబెట్టిన బొరుగులకు తాలింపు వేసి పుట్నాలపొడి చల్లితే అదే ఉగ్గాని. మొదటి బజ్జీకే నాకు చెవుల్లోంచి పొగలొచ్చాయి. ఇంత కారమా అంటే వంటమనిషి నన్ను జాలిగా చూశాడు. "కారం యాడుందప్పా దీంట్లో? మా పిల్లోళ్ళు బడికి పోతా తింటారు" అన్నాడు.

ఏడింటి బస్సెక్కాను. టిక్కెట్టు మూడు రూపాయల లోపే. ఎంతసేపు పడుతుందని కండక్టరును అడిగాను. "గంట అనుకోండి సార్. దారిలో ఎవురూ చెయ్యెత్తకుంటే" అన్నాడు. చాలామంది ఎత్తారు. దారికి రెండు పక్కలా పత్తి తీసేసిన నల్లరేగడి చేలు, నెర్రెలు బారి, ఆ పొద్దుటి పూటే వేడి గాలి కొడుతూ ఉన్నాయి. నేను కిటికీ మూసి, నా పనిముట్ల సంచి ఒళ్ళో పెట్టుకుని, ఏ నట్టు వదులై ఉంటుందా అని లెక్కలు వేసుకుంటూ కూర్చున్నాను. చేల వంక ఒకసారి నిదానంగా చూసి ఉంటే నా పని అప్పుడే సగం అయ్యేది.

షెడ్డు ఊరి చివర ఉంది. యజమాని బసప్ప యాభై దాటిన మనిషి, చేనేత వ్యాపారంలోంచి వచ్చినవాడు. ఈ మగ్గాల సంగతి ముందు మీకు చెప్పాలి. పడుగులోని ప్రతి పోగు మీదా ఒక సన్నటి ఇనుప రేకు వేలాడుతుంది. పోగు తెగితే రేకు కిందికి జారి కరెంటు కలుస్తుంది, మగ్గం తనంతట తానే ఆగి ఎర్ర దీపం వెలుగుతుంది. అటూ ఇటూ తిరిగే నాడెలో నూలు కండె అయిపోతే కొత్త కండెను కూడా మగ్గమే మార్చుకుంటుంది, మిగిలిన పోగును పక్కనున్న చిన్న కత్తెర కోసేస్తుంది. మనిషి చేయాల్సింది తెగిన పోగు ముడివేయడం, కండెల పెట్టె నింపడం, అంతే. ఒక మనిషి ఎనిమిది మగ్గాలు చూడొచ్చని చెప్పి అమ్మాం. నేను లోపలికి అడుగుపెట్టేసరికి ఎనిమిదింట్లో అయిదు ఆగి ఉన్నాయి, అయిదు ఎర్ర దీపాలు.

ఆ దీపాల మధ్య పరుగులు పెడుతూ ముళ్ళు వేస్తున్నది ఉరుకుందమ్మ. ముప్పై అయిదేళ్ళుంటాయి. తండ్రిది గుంత మగ్గం, చిన్నప్పటి నుంచీ కండెలు చుట్టిన చేయి. ఆ షెడ్డులో మగ్గాల మీద పనికి తీసుకున్న మొదటి ఆడమనిషి ఆమే. పగలు ఎనిమిదీ ఆమె చేతి కిందే.

బసప్ప నన్ను పక్కకు పిలిచాడు. "శనివారం సాయంత్రం లారీ వస్తాది సార్. సరుకు ఆదోని టేసనుకు, ఆడ్నుంచి మద్రాసు ఓడకు పోవల్ల. మిషను బాగుందని మీరు రాసిస్తే సాలు, ఈయమ్మను పంపించి సోలాపూరు నుంచి మగోళ్ళను పిలిపిస్తా. ఊరంతా నన్ను నవ్వుతాంది, ఆడమనిషికి మోటారు మగ్గమిచ్చినాడని" అన్నాడు. ఆమెకు వినపడేంత దూరంలోనే అన్నాడు. ఆమె తలెత్తలేదు, ముడి వేస్తూనే ఉంది. నా రిపోర్టు ఫారంలో 'లోపం' అనే గడి కింద రెండే మాటలుండేవి: యంత్రం, మనిషి. ఒకటి కొట్టేయాలి. కంపెనీ యంత్రాన్ని కాదనే ఉద్యోగి ఎక్కడైనా ఉంటాడా?

అయినా ముందు ఆమెను అడిగాను, అదొక్కటీ మంచి పని చేశాను. ఆమె క్షణం కూడా ఆలోచించలేదు. "పదును లేదు సార్. పదునుంటే ఇవి ఆగమన్నా ఆగవు" అంది.

ఎంత తెలివైన మనిషి, నేరుగా కత్తెరల మీదికే పోయింది అనుకున్నాను. మొండి కత్తెర పోగును కోయకుండా లాగితే పక్క పోగులు తెగడం నిజమే. ఎనిమిది మగ్గాల కత్తెరలూ విప్పి, బజారులో సాన పట్టేవాడి దగ్గర కూర్చుని, వెంట్రుక వేస్తే తెగేట్టు పట్టించాను. తిరిగి బిగించేసరికి గురువారం పన్నెండయింది. మీట నొక్కాను. పది నిమిషాల్లో ఆరు ఎర్ర దీపాలు వెలిగాయి.

"పదును పెట్టించాను కదమ్మా!" అని అరిచాను.

ఆమె షెడ్డంతా కలయజూసింది. "యాడ పెట్టించినారు సార్? నిన్న ఎట్లుండెనో ఈపొద్దూ అట్లే ఉండాది కదా" అంది.

వెటకారం అనుకున్నాను. ఒళ్ళు మండింది. కుర్చీ లాక్కుని ఫారం తీసి 'యంత్రం' అనే మాట కొట్టేయడానికి పెన్ను మూత కూడా తీశాను. ఆమె వచ్చి ఎదురుగా నిలబడింది. ఫారం చూసిందో లేదో తెలియదు. "పొద్దున్నించి ఏమీ తినలేదు మీరు. ఇల్లు ఈడనే. రొట్టె తిని వచ్చి రాసుకుందురు రాండి సార్" అంది. తన పని పోగొట్టే మనిషికి అన్నం పెడతానంటున్న ఆమెను చూసి నాకు సిగ్గేసింది. పెన్ను మూతపెట్టి లేచాను.

జొన్నరొట్టె, పుండుకూర పప్పు, అంటే మన గోంగూర పప్పే, మీద ఇంత బుడ్డల పొడి. వేరుశెనక్కాయలను అక్కడ బుడ్డలంటారు, ఈ మాట మాత్రం అడిగి తెలుసుకున్నాను. వాళ్ళ నాయన అప్పుడే గుంత మగ్గం మీద మధ్యాహ్నం పని మొదలుపెట్టబోతున్నాడు. కూర్చునే ముందు చెంబులో నీళ్ళు తీసుకుని, కాళ్ళు పెట్టుకునే గుంతలో నాలుగు దోసిళ్ళు చల్లాడు. ఎందుకని అడిగాను.

"పదునుకప్పా. పదును లేకుంటే నూలు పెళపెళా తెగిపోతాది గదా" అన్నాడు ముసలాయన.

చేతిలో రొట్టె కింద పెట్టేశాను. "పదునంటే... తేమా?" అన్నాను.

తండ్రీ కూతుళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఉరుకుందమ్మకు నా రెండు రోజుల పనీ ఒక్కసారిగా అర్థమైంది. "కత్తెరకా సార్ మీరు పదును పెట్టించింది!" అని కొంగు నోటికడ్డం పెట్టుకుని నవ్వింది, ఆపుకోలేక గోడకు ఆనుకుంది. ముసలాయనా నవ్వాడు. చివరికి నేనూ నవ్వాను. అదునూ పదునూ చూసుకోవాలి అని జన్మంతా సామెతలాగా వాడుతూ వచ్చాను, విత్తనానికి నేలలో ఉండాల్సిన చెమ్మే ఆ పదునని ఒక్క రోజూ తట్టలేదు. మేం మద్రాసు సముద్రపు గాలిలో పరీక్షించి పంపిన మగ్గాల్ని ఇక్కడ రేకుల షెడ్డులో, ఏప్రిల్ వడగాలిలో నిలబెట్టాం. నూలు ఎండిపోయి పెళుసెక్కింది. రేకూ దీపమూ తమ పని తాము సరిగ్గానే చేస్తున్నాయి.

పరిగెత్తినట్టే వెనక్కి వచ్చాం. మగ్గాల దగ్గరికి నీళ్ళు రానివ్వకూడదని మా కంపెనీ పుస్తకంలో పెద్ద అక్షరాలతో ఉంది. కరెంటు రేకులు తుప్పు పడితే నా ఉద్యోగం పోతుంది. ఆ మాట ఉరుకుందమ్మకు చెప్పాను. "నీళ్ళు మిషనుకెందుకు సార్, నేలకు కదా" అంది. రెండు బండ్ల వాగు ఇసుక తోలించి మగ్గాల మధ్య దారుల్లో పరిచి తడిపాం. వడగాలి వచ్చే కిటికీలకు గోనెపట్టాలు కట్టి నీళ్ళు పోశాం. బసప్ప గుమ్మంలో నిలబడి "ఏం సార్, ఈడ వరినారు పోస్తారా?" అన్నాడు. ఇసుక ఎంత తడవాలో ఆమే చెప్పింది. పిడికిట్లో నొక్కితే ముద్ద కావాలి, చేతికి నీరు అంటకూడదు.

శుక్రవారం ఉదయం ఏడింటికి ఎనిమిది మగ్గాలూ ఒకేసారి నడిపించాం. ఎనిమిదయింది, దీపం లేదు. తొమ్మిదయింది. బసప్ప గోడ గడియారం కిందే నిలబడిపోయాడు. పది దాటాక మూడో మగ్గం ఆగింది, నేను పరుగెత్తాను. పోగు తెగి కాదు, కండెల పెట్టె ఖాళీ అయిందట! ఉరుకుందమ్మ పెట్టె నింపుతూ నా వైపు చూసి తలూపింది. ఆ రోజు నాకు కలిగిన సంతోషం పెళ్ళినాడు కూడా కలగలేదు, ఈ సంగతి మా ఆవిడకు ఎవరూ చెప్పకండి.

శనివారం సాయంత్రం లారీ నిండింది. చివరి మూట ఎక్కాక, షోలాపూరు వాళ్ళకు ఉత్తరం రాయాలా అని బసప్పను అడిగాను. "సాకప్పా సాకు!" అని చేతులు జోడించాడు, సంతోషం పట్టలేకపోతే కన్నడం వచ్చేస్తుంది ఆయనకు, ఇక చాలని అర్థం. తర్వాత కూలీలందరి ముందూ గట్టిగా అన్నాడు: "ఈపొద్దు నుంచి షెడ్డుకు మేస్త్రి ఉరుకుందమ్మే. ఎవురైనా నవ్వేదుంటే నా ముందు నవ్వండి."

"మేస్త్రి మాట మంచిదే అన్నా. రోజూ ఇసుక తడపను ఒక మనిషిని పెట్టు ముందు" అంది ఆమె. మొదటి హుకుం అదే.

నా ఫారంలో యంత్రమూ కొట్టేశాను, మనిషీ కొట్టేశాను. పక్కన ఖాళీలో 'మెకానిక్కుకు తెలుగు రాదు' అని రాసి సంతకం పెట్టాను. మా మేనేజరు ఆ కాగితం పట్టుకుని, అందరికీ చూపించి నవ్వుతూ, వారం రోజులు ఆఫీసంతా తిరిగాడు. కానీ ఆ ఏడాది నుంచే మెట్ట ప్రాంతాలకు మగ్గం పంపితే, షెడ్డులో పదును ఎలా చూసుకోవాలో కూడా రాసి పంపడం మొదలైంది. పిడికిట్లో ఇసుక కొలతతో సహా. తనంతట తానే ఆగే యంత్రం, తనంతట తానే కండె మార్చుకునే యంత్రం చేశామని మేం గర్వపడే రోజులవి. దాన్ని ఆ ఎండలో నడిపించింది మాత్రం గుంత మగ్గం ఇంట్లో పుట్టిన మనిషి. ఆ వైపు వెళ్ళేవాళ్ళకు ఒక్క సలహా ఇస్తాను. తెలియని మాట వినిపిస్తే మీరు ఎలాగూ అడుగుతారు. బాగా తెలిసిన మాట వినిపించినప్పుడు కూడా, అంటే ఏమిటన్నా అని ఒక్కసారి అడగండి. నేను బుధవారమే అడిగి ఉంటే గురువారం మధ్యాహ్నం ఆమె ఉద్యోగం నా పెన్ను కింద ఉండేది కాదు.