మెత్తగా నొక్కినా అరిచిన మెట్టు

2023 వేసవి. విజయనగరంలో నాది ఎలక్ట్రానిక్ వాయిద్యాలు బాగుచేసే చిన్న షాపు. ఒక కంపెనీ కీబోర్డులకు మా జిల్లాకూ పక్క జిల్లాకూ ఆథరైజ్డ్ టెక్నీషియన్‌ని నేనే. వారంటీలో ఉన్నది ఏది పాడైనా నా బల్ల మీదికే రావాలి, నా సంతకంతోనే రిపోర్టు పోవాలి. నాకో జబ్బుంది. విప్పిన వస్తువు ఎదురుగా ఉంటే ఒకచోట కుదురుగా కూర్చోలేను. దాని రోగం తేలేదాకా గొంతులో టీ కూడా దిగదు. అలాంటివాణ్ణి ఒక్క కేసు మాత్రం అరగంటలో తేల్చి పారేశాను. దానికి రెండు నెలలు అనుభవించాను.

ఆ కీబోర్డును దుప్పటిలో చుట్టి, బస్సులు మారుకుంటూ భావనపాడు నుంచి తెచ్చింది రూతమ్మ. నలభై దాటిన మనిషి. వారమంతా ఎండుచేపలు ఏరే పని, ఆదివారం చర్చిలో కీబోర్డు. చిన్నప్పుడు హార్మోనియం మీద నేర్చుకుందట, అందుకే కీని మెట్టు అనే అంటుంది.

"మద్దిలో ఈ మెట్టు సూడు బాబూ. ఎంత మెల్లగ నొక్కినా ఉన్నట్టుండి అరిసేస్తాది. మొన్న ఆదోరం అందరూ కళ్లు మూసుకుని పార్దన సేస్తంటే ఒక్క అరుపు అరిసింది. సంటిపిల్లలు ఏడుపు."

"అంతేనా?"

"అంతేటి? సంగపెద్ద దానియేలన్న ఇంటావిడికీ నాకూ కుళాయి కాడ మాటామాటా అయ్యింది. ఆ కోపం కీబోర్డు మీద సూపిస్తన్నానని అందరూ అంటన్నారు. నాను కొట్టలేదు బాబూ. నీకు దన్నమెడతాను, ఆ మాటే రాసియ్యి."

ఇక్కడ కాస్త పని సంగతి చెప్పాలి. ప్రతి కీ కింద రబ్బరు స్ట్రిప్ ఉంటుంది, అందులో కీకి రెండేసి కార్బన్ చుక్కలు. కీ నొక్కితే ఒక చుక్క ముందు, ఇంకోటి వెనక కింది బోర్డుకు తగులుతాయి. రెండింటి మధ్య ఎంత తక్కువ సమయం ఉంటే అంత గట్టిగా కొట్టారని లెక్క. దీన్నే టచ్ సెన్సిటివిటీ అంటాం.

విప్పాను. స్ట్రిప్ తీసి, స్పిరిట్‌తో తుడిచి, వేలితో అదిమి బిగించాను. ఆ కీని వందసార్లు నొక్కి చూశాను, బుద్ధిగా పలికింది. ఫారంలో 'కారణం' అనే గడి ఉంది. అది ఖాళీగా ఉంటే ఆఫీసు నుంచి ఫారం తిరిగొస్తుంది. కాయలు కాసిన ఆవిడ చేతుల వంక ఒకసారి చూశాను. సిగ్గు విడిచి చెబుతున్నాను, ఆ చేతులు చూసే 'రఫ్ యూజ్' అని రాశాను.

"అంటే ఏటి బాబూ?"

"కొంచెం గట్టిగా వాయిస్తున్నారని అమ్మా. మెత్తగా వాయించండి."

కాగితం మడిచి సంచిలో పెట్టుకుంది.

పదిహేను రోజులకు ఫోను. "మల్లీ అరుస్తన్నాది బాబూ. నీ కాగితం అందరి ముందూ సదివేరు. నన్నింక దాని ముందు కూకోవద్దన్నారు."

"చెప్పాను కదమ్మా మెత్తగా వాయించమని!" అని కసిరి పెట్టేశాను. పెట్టేశానే గాని ఏదో పీకుతూనే ఉంది. వందసార్లు నొక్కి చూశానే! ఎవరితో మాట్లాడుతున్నా ఆ కీ మీదికే మనసు పోయేది.

రెండో నెలలో శృంగవరపుకోట నుంచి అప్పలనాయుడు తాత వచ్చాడు. భజనలో వాయిస్తాడు. అదే మోడల్.

"ఒరే బాబూ, నాకు కీళ్లవాతం. టీ గళాసు పట్టుకోవాలన్నా రెండు సేతులు గావాల. ఇదేటిరా, నాను ముట్టుకుంటే సాలు, కేకలేస్తాది?"

ఏ కీ అని అడగబోయాను. ఆయనే వంకరపోయిన వేలితో చూపించాడు. అదే కీ! ఆ వేళ్లకు రఫ్ యూజ్ అని రాస్తే కళ్లు పోతాయి.

ఈసారి తుడవలేదు, అదమలేదు. భూతద్దం పెట్టి ముందు చూశాను. స్ట్రిప్ రెండు ముక్కలుగా వస్తుంది. ఆ రెండూ కలిసేచోట, స్ట్రిప్‌ను కదలకుండా పట్టి ఉంచే రబ్బరు తోకను దూర్చే రంధ్రం బోర్డులో కాస్త పక్కకు పడింది. దాంతో స్ట్రిప్ చివర వెంట్రుకవాసి లేచి, ముందు తగలాల్సిన చుక్క రెండోదాంతో పాటే తగులుతోంది. మధ్య సమయం సున్నా. పాపం, ఎవరో చచ్చేట్టు కొట్టారనుకుని యంత్రం అరుస్తోంది. వేలితో అదిమితే కొన్నాళ్లు కూర్చుని మళ్లీ లేస్తుంది. అంటే ఆ రోజు లోపాన్ని నా చేత్తోనే దాచేసి, లేదని రాశాను.

కంపెనీ ఆఫీసుకు ఫోన్ చేసి రెండు కీబోర్డుల సంగతీ చెప్పాను. "తాతగారిది మారుద్దాం. ఆ పాత రిపోర్టు ఇప్పుడెందుకండీ కెలకడం?" అన్నాడు అక్కడి అబ్బాయి.

"దాని మీద నా సంతకం ఉంది నాయనా!" అని గట్టిగానే అరిచాను. రెండు బోర్డులు పంపేదాకా రోజూ వాళ్ల ప్రాణం తీశాను.

బోర్డులు వచ్చాక మొదటి ఆదివారమే భావనపాడు వెళ్లాను. ఆరాధన అయ్యాక, ఎవరినీ కదలవద్దని చెప్పి, కీబోర్డు మీది గుడ్డ తీసి దానియేలు గారిని పిలిచాను. చిటికెన వేలితో, వీలైనంత మెత్తగా ఆ కీ నొక్కమన్నాను. ఒకసారి నొక్కారు. మెల్లగా పలికింది. రెండోసారీ అంతే. ఇంకొక్కసారి అన్నాను. మూడోసారి చర్చి అదిరేలా అరిచింది. ఆయన ఎగిరి వెనక్కి దూకారు.

"దానియేలన్నకి ఎవుల మీదో అంత కోపం!" అంది ఆడవాళ్లలో ఒకావిడ. అందరూ ఘొల్లున నవ్వారు.

"తప్పు యంత్రానిది. కాగితంలో తప్పు నాది. ఈవిడ చేతిది కాదు" అన్నాను. దానియేలు గారు తల వంచుకుని, తానే స్టూలు తెచ్చి రూతమ్మ ముందు వేశారు.

వాళ్ల కళ్ల ముందే బోర్డు మార్చి వాయించమన్నాను. వాయించింది. కానీ ఆ కీ దగ్గరకు రాగానే వేలు ఎత్తేసింది. మళ్లీ వచ్చింది, మళ్లీ ఎత్తేసింది.

"బాగయిందమ్మా, నొక్కండి."

"నాకు తెలస్తన్నాది బాబూ. ఏలికి తెల్లేదు" అంది. గొంతు తగ్గించి, "అంత సదువుకున్నోడివి నువ్వే రాసీసేవు కదా. నిజంగానే నా సేతిలో కోపముందేటో అనుకున్నాను" అంది.

క్షమించమ్మా అన్నాను, అది చాలలేదు.

అప్పటి నుంచి కారణం గడిలో నా కంటితో చూసిందే రాస్తాను. చూడకపోతే 'తెలియలేదు' అని రాస్తాను. ఆఫీసువాళ్లు విసుక్కుని ఫారం వెనక్కి పంపితే మళ్లీ అదే రాసి పంపుతాను. ఆ రోజు బోర్డు మార్చడానికి నాకు ఇరవై నిమిషాలు పట్టింది. ఆ మెట్టు మీద రూతమ్మ వేలు మళ్లీ ఆనడానికి క్రిస్మస్ దాకా పట్టిందట.