ధార ఎట్లొస్తది అని అడిగే డాక్టరమ్మ

డాక్టర్ కాత్యాయని గారు ఇక లేరన్న కబురు ఆమె తమ్ముడు ఫోన్ చేసి చెప్పారు. భోపాల్‌పట్నంలో కిరాణా దుకాణం నడిపే ఆయనది ఎప్పుడూ పెద్ద గొంతు. ఆ రోజు మాట సరిగా వినబడలేదు. "అక్క పోయింది బాబూ. చాయ్ తాగుకుంట తాగుకుంట పక్కకు ఒరిగింది" అన్నారు. నేను ల్యాబ్‌లో ఉన్నాను. యంత్రం తిరుగుతోంది. అది ఆగేదాకా నిలబడి, గొట్టాలు బయటికి తీసి, వరుసలో పెట్టి, అప్పుడు కూర్చున్నాను. దిగ్భ్రాంతి అనే మాట ఇలాంటి వ్యాసాల్లో చాలాసార్లు చదివాను. చేతులు తమ పని తాము చేసుకుపోతుంటే మనసు ఒకచోట ఆగిపోవడమే అదని ఇప్పుడు తెలిసింది.

ఎరగనివారి కోసం ఆమె సంగతి కొంత చెప్పాలి. పుట్టింది భోపాల్‌పట్నంలో, వ్యాపారస్తుల ఇంట. రాయపూర్‌లో చదివి, పిల్లల వైద్యురాలిగా జగదల్‌పూర్‌లో చాలా ఏళ్లు పనిచేశారు. పదవీ విరమణ తరువాత సొంత ఊరికి తిరిగివచ్చి, ఆసుపత్రి వెనక ఒక గది అడిగి తీసుకుని, అక్కడ చిన్న పరిశోధన మొదలుపెట్టారు. సరిహద్దు పల్లెల పిల్లల మూత్రపిండాలు ఎలా ఉన్నాయి, మూత్రనాళాల జబ్బులు ఎవరి కంటా పడకుండా ఎక్కడ మిగిలిపోతున్నాయి అన్నది ఆమె ప్రశ్న. నేను బచేలీ కాలనీలో పెరిగిన గని ఉద్యోగి కొడుకుని. ల్యాబ్ టెక్నాలజీ చదివి ఆమె దగ్గర చేరాను. ఆమె నాకు గురువు అని రాస్తే ఆమె ఒప్పుకోరు. "నేను డాక్టర్ని, నువ్వు ల్యాబువి. ఎవరి పని వాళ్లకు రావాలె" అనేవారు.

ఆ ప్రశ్న ఎందుకు అవసరమైందో కూడా చెప్పాలి. మా వైపు పిల్లవాడికి జ్వరం వస్తే అందరికీ ముందు తట్టేది మలేరియా. ఆ పరీక్షలో ఏమీ లేదని తేలినా చాలామంది అక్కడితో ఆగిపోతారు. మూత్రంలో ఇన్ఫెక్షన్ ఉన్న పసివాడు దగ్గడు, తుమ్మడు, ఫలానా చోట నొప్పి అని చెప్పలేడు. ఒళ్లు కాలుతుంది, తగ్గుతుంది, మళ్లీ కాలుతుంది. అలా వచ్చిపోయే ప్రతిసారీ మూత్రపిండం మీద ఒక మచ్చ మిగిలిపోవచ్చు. "మలేరియా లేదంటే సంబరపడకు, ఇంకేముందో వెతుకు" అన్నది కొత్తగా వచ్చిన ప్రతి నర్సుకూ ఆమె చెప్పే మొదటి మాట.

ఆమె 'మూత్రం' అనేవారు కాదు. ఉచ్చ అనేవారు, సభల్లో కూడా. ఒకసారి నేను ఒక తల్లితో "యూరిన్ శాంపిల్ కావాలమ్మా" అన్నాను. డాక్టరమ్మ పక్కనుంచి, "యూరిన్ అంటే టానిక్కు పేరనుకుంటది నాయనా. ఉచ్చ అను. సిగ్గయితే ఇంటికి పో" అన్నారు. ఆ తల్లి నవ్వింది, శాంపిల్ దొరికింది.

పసిపిల్లల దగ్గర శాంపిల్ పట్టడం ఆమె చేతుల్లో ఒక విద్య. పాలు తాగిన బిడ్డను ఒకరు చంకల కింద పట్టుకుని నిలబెట్టాలి. రెండోవారు పొత్తికడుపు మీద వేళ్లతో మెల్లగా తట్టాలి, నడుము వెనక బొటనవేళ్లతో రుద్దాలి. గిన్నె సిద్ధంగా ఉండాలి. ఆ తరువాత ఎదురుచూడటమే. మేము విసుక్కునేవాళ్లం. ఆమె ఎన్నడూ విసుక్కోలేదు. "పరిశోధన అంటే గిన్నె వట్టుకొని కూసునుడే" అనేవారు. మిగతావాటి మీద ఆమెకు ఓపిక లేదని కూడా రాయాలి. చేతిరాత ఎవరికీ అర్థమయ్యేది కాదు. జీపు నడిపితే మేము పక్క కమ్మీ పట్టుకుని కూర్చునేవాళ్లం. మీటింగుల్లో కునుకు తీసేవారు, మధ్యలో లేచి సరైన ప్రశ్న అడిగేవారు. తప్పు అంకె కనిపిస్తే కోపం. క్షమాపణ చెబితే ఇంకా కోపం.

ఆమె ఎలాంటి మనిషో తెలియాలంటే పామేడు వైపు ఒక ఊళ్లో జరిగింది చెప్పాలి. ఊరి పేరు రాయను. ఆ పేరుకు ఇప్పటికే ఒకసారి అన్యాయం జరిగింది.

ఆ ఊరికి దారి బాగాలేదు. అందుకని క్రిమిరహితమైన సీసాలను ముందురోజే మితానిన్ చేతికి, అంటే ఊరి ఆరోగ్య కార్యకర్తకు, పంపించాం. పొద్దున్నే లేచాక వచ్చే మొదటి ధార కావాలని, సీసా శుభ్రంగా ఉండాలని డాక్టరమ్మే చెప్పి పంపారు. మర్నాడు సీసాలు వచ్చాయి. ఒక్కొక్కదానిలో పరీక్ష పట్టీ ముంచాను; రంగు మారే చిన్న చిన్న గడులుంటాయి దాని మీద. పసుపు రంగులో ఉండే ప్రొటీన్ గడి ఆకుపచ్చబడింది, అంటే ప్రొటీన్ ఉన్నట్టు. తరువాతి దానిలోనూ పచ్చబడింది. ఏ సీసాలో ముంచినా అంతే. ప్రొటీన్ అలా కారిపోతోందంటే మూత్రపిండాలు దెబ్బతింటున్నాయని అనుమానించాలి. ఒక ఊరి పిల్లలందరికీ ఒకేసారి అంటే అది చిన్న విషయం కాదు.

అప్పుడు మాతో పెద్ద నగరం నుంచి వచ్చిన ఒక నిపుణుడు ఉన్నారు. ఆయన కళ్లు మెరిశాయి. నీళ్లలోనే ఏదో ఉందని ఆయన తేల్చేశారు. మాట బయటికి పొక్కింది. నీటి పరీక్ష ఫలితం రాకముందే ఎవరో వచ్చి ఊళ్లోని బోరింగుకు, ఆ నీళ్లు తాగకూడదన్న గుర్తుగా, ఎర్ర రంగు పూసి వెళ్లారు. ఆడవాళ్లు బిందెలతో వాగుకు నడవసాగారు. సంతలో ఆ ఊరివాళ్లను చూసి, "కిడ్నీ ఊరోళ్లు వచ్చిన్రు" అనడం మొదలైంది.

డాక్టరమ్మ మాత్రం పట్టీలు అడిగి తీసుకుని, ప్రొటీన్ గడి వదిలేసి దాని పక్క గడి చూశారు. అది క్షార గుణం చెప్పే గడి. అన్నిటిలోనూ ముదురు నీలం.

"ఏంది నాయనా, ఈ ఊరి పిల్లలు సబ్బు తాగుతున్నరా?"

క్షారం మరీ ఎక్కువైతే ప్రొటీన్ గడి తప్పుగా పచ్చబడుతుంది. ఇది మా పాఠ్యపుస్తకంలో ఉన్నదే. కానీ క్షారం ఎక్కడిది? ఆమె జీపు తీశారు. ఊళ్లో సోయం కన్నమ్మ అనే పెద్దావిడ ఇంటి ముందు ఆగి, ఒక కొత్త సీసా చేతికిచ్చి, "అక్కా, మొన్న ఏం జేసినవో మళ్ల జేసి చూపెట్టు" అన్నారు.

కన్నమ్మ అప్పటికే కోపంగా ఉంది. "మా ఉచ్చల ఏముందని బోరింగుకు రంగేసిన్రు? కాళ్లు గుంజుతున్నయి వాగుకు నడవలేక. రా, జూపెడ్త" అని పొయ్యి దగ్గరికి తీసుకుపోయింది. పిడికెడు బూడిద తీసి సీసాలో పోసింది. కొంచెం నీళ్లు కలిపి, వేలు పట్టినంత మేర గిరగిరా తోమింది. ఒక్కసారి తొలిపి, నీళ్లు వంపేసి, సీసా ఎత్తి వెలుతురులో చూపించింది.

"సుట్టాలొస్తే ఇత్తడి చెంబు గిట్లనే తోముతం. నువ్వే గద సాఫ్ ఉండాలె అన్నవ్!"

ఊరంతా అలాగే తోమారు. మా మీద గౌరవంతో తోమారు. అడుగున మిగిలిన బూడిద నీరే ఆ పచ్చ రంగు. డాక్టరమ్మ ఆ సీసా అందుకున్నారు. తరువాత కన్నమ్మతో, "తప్పు నాదక్కా. సాఫ్ అంటే ఏందో నేను చెప్పలే" అన్నారు.

నిపుణుడికి ఆ ఊరి మీద ఆసక్తి పోయింది. శాంపిళ్లు పారేసి వేరే ఊరికి వెళ్దామన్నారు. మాకూ అదే సబబు అనిపించింది. ఆమె ఒప్పుకోలేదు. "బూడిద పోయింది. పిల్లలు ఇంక ఉన్నరు గద" అన్నారు. పట్టీలన్నీ తప్పు చెప్పాయంటే పిల్లలందరూ బాగున్నారని కాదు, వాళ్ల సంగతి మనకింకా తెలియదని అర్థం. ఆ తేడాను అంత పట్టుదలగా నిలబెట్టిన మనిషిని నేను మరొకరిని చూడలేదు.

మళ్లీ మొదటినుంచి పట్టాం. చంటిబిడ్డలకు గిన్నెలతో. కాస్త పెద్దవాళ్లైన మగపిల్లలను మాత్రం ఆమె బడి వెనక గోడ దగ్గర వరుసగా నిలబెట్టారు. ఎవరి ధార గోడకు తగులుతుందో చూద్దామన్నారు. అంతకంటే ఏం కావాలి వాళ్లకు? కేకలు, తోపులాట. "మేడం, నాది కిటికీ దాంక పోయింది!" "అబద్ధం మేడం, గాలి కొట్టింది!" ఆమె చేతులు కట్టుకుని, న్యాయనిర్ణేతలా గంభీరంగా చూస్తూ నిలబడ్డారు.

ఒక పిల్లవాడు దూరంగా నిలబడిపోయాడు. కన్నమ్మ మనవడు లచ్చడు. తక్కిన పిల్లలు ఆగలేదు. "వాడు ముసలోడు మేడం! కాళ్ల మీదనే పోసుకుంటడు!"

ఆమె అందరినీ పంపేసి వాడి పక్కన కూర్చున్నారు. వాడు ముక్కాడు, పళ్లు బిగించాడు. చుక్కలు చుక్కలుగా పాదాల మీదే పడింది. ముగిసిందని వాడు చెప్పిన తరువాత కూడా పొత్తికడుపు గట్టిగానే ఉంది. "ధార ఎప్పటిసంది గిట్లొస్తది?" అని కన్నమ్మను అడిగారు. "పుట్టినప్పటిసంది గంతే. సిగ్గు వానికి" అంది కన్నమ్మ.

జగదల్‌పూర్‌లో స్కానింగ్ చేయిస్తే విషయం తేలింది. మూత్రం బయటికి వచ్చే నాళంలో పుట్టుకతోనే ఒక పలుచని పొర అడ్డుగా ఉంది. వెనక్కి తన్నిన ఒత్తిడికి రెండు మూత్రపిండాలూ ఉబ్బాయి. ఆపరేషన్ రాయపూర్‌లో చేయించాలి. కన్నమ్మ కుదరదంది. అక్కడ కోస్తే మగవాడు కాకుండా పోతాడని ఆమె భయం. తల్లి లేని పిల్లవాడు, తండ్రి కూలికి తెలంగాణ వెళ్లాడు. ఆమె కాదంటే ఇక అంతే.

"నీ పిల్లగాడైతే కోయిస్తవా?" అని సూటిగా అడిగింది.

"నాకు పిల్లల్లేరక్కా. ఉత్తగనే కోయిస్తనని చెప్తే నువ్వు నమ్మొద్దు. నాకు తెలిసింది చెప్త. ఇట్లనే ఇడిస్తే రెండు కిడ్నీలు పోతయి. కోస్తే ఒకటన్న మిగులుతదేమో. గ్యారంటీ లేదు."

గ్యారంటీ లేదని ఎందుకు చెప్పారా అని నేను లోపల విసుక్కుంటున్నాను.

"గ్యారంటీ ఉన్నదన్నోడు మాకు సోలార్ లైటు అమ్మిండు, వారానికే ఆరింది" అంది కన్నమ్మ. "నువ్వు లేదన్నవ్. నడువు, నేను గూడ వస్త."

రాయపూర్ బస్సులో ఆ ముగ్గురూ ఒకే సీటులో కూర్చుని వెళ్లారు. వార్డులో ఒక్కరినే ఉండనిస్తామన్నారు. డాక్టరమ్మ కన్నమ్మను లోపల ఉంచి, తాను వరండాలో పడుకున్నారు. లచ్చడికి ఒక మూత్రపిండం బాగా పనిచేస్తోంది. రెండోది అంతంత మాత్రం. జీవితాంతం చూపించుకుంటూ ఉండాలి. కానీ వాడు ఇప్పుడు బడికి వెళ్తున్నాడు, వాడి ధార గోడకు తగులుతోంది. ఆ ఊళ్లో నిజంగా జబ్బు ఉన్నది వాడొక్కడికే. బూడిదతో పాటు పారేసి ఉంటే వాడూ పోయేవాడు.

బోరింగు కథ కూడా ముగించాలి. నీళ్లలో దోషం లేదని కాగితం వచ్చింది. రంగు తీయమని అధికారులను అడిగితే, ఎర్ర రంగు వేయడానికి ఉత్తర్వు ఉంటుంది గానీ తీయడానికి ఉండదన్నారు. ఆమె తమ్ముడి దుకాణం నుంచి నీలం రంగు డబ్బా తెచ్చి తానే పూశారు. చీర కుచ్చెళ్లకు అంటిన మరక పోలేదు. అదే చీరతో ఒక సదస్సుకు వెళ్లి, బూడిద సీసాల సంగతి మొత్తం చెప్పారు. మన తెలివితక్కువతనం నలుగురిలో ఎందుకని నిపుణుడు వారించారు. "రేపు ఇంకో ఊరికి ఎర్ర రంగు వడొద్దంటే ఇదే చెప్పాలె" అన్నారామె.

ఆమె అంత్యక్రియలు ఇంద్రావతి ఒడ్డున జరిగాయి. హిందీ, గోండి, దోర్లీ, తెలుగు మాట్లాడే తల్లులు ఎక్కడెక్కడి నుంచో వచ్చారు. ఆమె పరిశోధన సగంలో ఉంది. శాంపిళ్లు భద్రంగా ఉన్నాయి, యంత్రం పనిచేస్తోంది, పని కొనసాగుతుంది. ఆమె ప్రజ్ఞకు, అంతకు మించి ఆమె నిజాయితీకి చేతులెత్తి నమస్కరిస్తున్నాను.

మొన్న కన్నమ్మ ఆసుపత్రికి వచ్చింది. వెంట పక్క ఊరి కోడలొకతె, ఆమె చంకలో చంటివాడు. డాక్టరమ్మ పోయిన కబురు వాళ్ల ఊరికి ఇంకా అందలేదు. "డాక్టరమ్మను పిలువు. వీనికి గూడ ధార లేదు, నేనే జూసిన" అంది.

చెప్పాను. ఆమె ఏడవలేదు. తల మీది కొంగు సర్దుకుంది. తరువాత చంటివాణ్ణి తల్లి దగ్గర నుంచి తీసుకుని నాకు అందించింది.

"అయితే నువ్వు వట్టుకో."

చంకల కింద పట్టుకుని నిలబెట్టాను. పొత్తికడుపు మీద వేళ్లతో తట్టింది కన్నమ్మే. చుక్కలే వచ్చాయి. జగదల్‌పూర్‌కు చీటీ రాశాం, అక్కడి డాక్టరుకు ఫోన్ చేశాం, ఏ గేటు దగ్గర దిగాలో ఆ తల్లికి రెండుసార్లు చెప్పాం, బస్సు దాకా వెళ్లి సీటు చూసి కూర్చోబెట్టాం. కన్నమ్మ కూడా ఎక్కి, కిటికీలోంచి ఇంకెవరో రావాల్సి ఉన్నట్టు మా వైపు చూసింది. చేయాల్సినవన్నీ చేశామని నేను మనసులో ఒక్కొక్కటే సరిచూసుకుంటున్నాను. బస్సు కదిలింది.

డాక్టరమ్మ అయితే ఎక్కి కూర్చునేవారు.